గడి చిన్నదైతే పేరు కోస్తారా?

మా బస్తీలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీలో చేరిన ఒక అమ్మాయికి ఉపకార వేతనం ఆగిపోయింది. తండ్రి ఆటో నడుపుతారు. అమ్మాయికి మార్కులున్నాయి, ఆదాయ ధ్రువపత్రమున్నది, హాజరున్నది. దరఖాస్తుకు ఎదురుగా మాత్రం మూడే మాటలు: "పేరు వివరాలు సరిపోలలేదు". ఆ మూడు మాటల అర్థం తెలుసుకోవడానికి తండ్రి మూడు కార్యాలయాలు తిరిగారు. తిరిగిన ప్రతి రోజూ ఆటో ఇంటి ముందే నిలిచిపోయింది. చివరికి కాగితాల సంచి పట్టుకొని మా వద్దకు వచ్చారు.

పదవ తరగతి మార్కుల జాబితా, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు బల్ల మీద పక్కపక్కన పరిచి చూశాము. మొదటి రెండింటిలో పేరు చివర "బేగం" అని ఉన్నది. పాసుబుక్కులో "బే" అని ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలను, మధ్య ఖాళీలతో సహా, వేలు పెట్టి లెక్కించాము. అసలు పేరు 23 అక్షరాలు. పాసుబుక్కులోనిది సరిగ్గా 20. ఆ ఖాతా తెరిచిన నాడు ఆ తెర మీది గడి ఇరవై అక్షరాలకు మించి పట్టలేదు. పట్టని మూడు అక్షరాలను యంత్రం పారవేసింది. ఒక విద్యార్థిని సంవత్సరపు చదువు ఆ మూడు అక్షరాలతో పాటు చెత్తబుట్టలో పడింది.

ఇది ఒక్క ఇంటి కథ అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. పదవీ విరమణ తర్వాత మసీదు వరండాలో కూర్చొని దరఖాస్తులు నింపి పెట్టే పనిలో మా చేతికి వచ్చిన "సరిపోలలేదు" కాగితాలలో ఈ కోతపడిన పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి. పింఛను, రేషను, పాస్‌పోర్టు, ఓటు, భూమి పత్రం, ఏ దారిన పోయినా ఈ గడి అడ్డం వస్తున్నది. కాబట్టి దీనిని గురించి మన సమాజం తెలుసుకోవాలి, నిలదీయాలి.

"పట్టినంత కొట్టండి"

ముందుగా మా వైపు తప్పును ఒప్పుకుంటాము. మేము ప్రభుత్వ గుమాస్తాలుగా పనిచేసినవారము. చేతిరాత రిజిస్టర్ల కాలంలో పేరు గడిలో పట్టకపోతే రెండవ వరుసలోకి దించి రాసేవారము. మరీ పొడవైతే అక్షరాలు చిన్నవి చేసి అంచు దాకా రాసేవారము. కాగితం సర్దుకునేది. ఎవరి పేరూ సగంలో ఆగేది కాదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పాత రిజిస్టర్లను తెర మీదికి ఎక్కించమన్నారు. "షేక్ మొహమ్మద్ అబ్దుల్" దాకా కొట్టేసరికి కర్సర్ ఆగిపోయేది. ఇంకొక అక్షరం నొక్కితే "బీప్" మని మోగేది. పై అధికారిని అడిగితే, "పట్టినంత కొట్టండి, రోజుకు ఇన్ని ఎంట్రీలు కావాలి" అని జవాబు. పట్టినంతే కొట్టాము. ఆ సాయంత్రం లెక్క పూర్తయింది, సంతకం చేసి ఇంటికి పోయాము. మేము ఆపిన చోట ఒక మనిషి పేరు ఆగిపోయిందని, ఇరవై యేళ్ళ తర్వాత అతని మనవరాలు ఆ సగం పేరును రుజువు చేసుకోలేక తిరుగుతుందని ఆనాడు మాకు తట్టలేదు. ఈ వ్యాసంలో మేము చూపించే వేలు ముందుగా మా వైపే తిరిగి ఉన్నది.

యంత్రానికి రెండు స్వభావాలు

"కంప్యూటర్ తప్పు చేసింది" అన్న మాట వినగానే మనవాళ్ళు చేతులు ముడుచుకుంటారు. యంత్రం తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. డేటాబేస్ అంటే పెద్ద రిజిస్టరు. అందులోని ప్రతి కాలమ్‌కు ఎన్ని అక్షరాలు పట్టాలో దానిని తయారుచేసిన మనిషి ముందే నిర్ణయిస్తాడు. ఆ పరిమితిని మించిన విలువ వచ్చినప్పుడు జరిగేవి రెండే. ఒకటి, యంత్రం ఎర్రర్ చూపి ఆ నమోదును తిప్పి పంపుతుంది. రెండు, పట్టినంత ఉంచుకొని మిగిలినదాన్ని చప్పుడు లేకుండా కోసివేస్తుంది.

మొదటిది చికాకు కలిగిస్తుంది గాని నిజాయితీ గలది. ఒరాకిల్ డేటాబేస్‌లో దీనికి 12899 అన్న ఎర్రర్ సంఖ్య ఉన్నది. ఏ కాలమ్‌లో ఎంత పట్టుతుందో, వచ్చినది ఎంత పొడవో కూడా అది చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 1406 అన్న సంఖ్య వస్తుంది. అయితే మైఎస్‌క్యూఎల్‌లో కఠిన విధానం అనే ఒక అమరిక ఉన్నది. దానిని ఆపివేస్తే ఎర్రర్ మాయమవుతుంది. పేరును కోసి, ఒక హెచ్చరిక మాత్రం ఎక్కడో రాసి, యంత్రం ముందుకు సాగిపోతుంది. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి ఈ కఠిన విధానం మొదటి నుంచే అమలులో ఉండేటట్లు చేశారు. అంతకు ముందు కట్టిన వ్యవస్థలలో, లేదా గడువు తరుముకొస్తున్నదని ఆ అమరికను తొలగించుకున్న చోట, ఎన్ని పేర్లు కోతపడి ఉంటాయో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ కథ మనకు మరింత పాఠం చెబుతుంది. అందులో ఏళ్ళ తరబడి 8152 అన్న ఎర్రర్ వచ్చేది. "అక్షరమాల కోతపడుతుంది" అన్నంత వరకే చెప్పేది. ఏ కాలమ్‌లో, ఎవరి పేరులో అన్నది చెప్పేది కాదు. లక్ష వరుసలు ఒక్కసారిగా ఎక్కిస్తుంటే తప్పు ఏ వరుసలో ఉన్నదో వెతుక్కోవడం సాంకేతిక నిపుణులకే నరకంగా ఉండేది. వారు గొడవ చేశారు. 2019 వెర్షన్ నాటికి ఆ సందేశాన్ని మార్చారు. ఇప్పుడు 2628 అన్న కొత్త ఎర్రర్ ఏ పట్టికలో, ఏ కాలమ్‌లో, ఏ విలువ పట్టలేదో చెబుతుంది. యంత్రం కూడా కారణం చెప్పడం నేర్చుకున్నది. మన కార్యాలయాలు మాత్రం ఇంకా "సరిపోలలేదు" అన్న పాత సందేశం దగ్గరే ఆగిపోయాయి. ఎక్కడ సరిపోలలేదు, ఏ పత్రంతో సరిపోలలేదు, ఎన్నో అక్షరం దగ్గర తేడా వచ్చింది అన్నది ఆటో నడిపే తండ్రి కనిపెట్టుకోవాలట!

ఈ రోగానికి మందు సాంకేతికులకు తెలియనిది కాదు. డేటా ఎక్కించే ముందు దానిలోని అత్యంత పొడవైన పేరు ఎంతో కొలవాలి. గడి దానికంటే చిన్నదైతే గడిని పెంచాలి. దీనికి ఒక్క ఆదేశం చాలును. "చోటు వృథా అవుతుంది" అన్న సాకు చెల్లదు. మారే పొడవు గల కాలమ్‌లో ముప్పై అక్షరాల పరిమితిని నూట యాభైకి పెంచినా చిన్న పేరు తన కొలత చోటే తీసుకుంటుంది. 1928లో వచ్చిన ఎనభై నిలువు గళ్ళ పంచ్ కార్డుల కాలంలో ప్రతి అక్షరాన్నీ పొదుపు చేయవలసి వచ్చింది. ఆ పొదుపు అలవాటును నేటి పౌరుడి నెత్తిన రుద్దడానికి ఏ కారణమూ లేదు.

ఒక్క గడిని పెంచి ఊరుకుంటే కూడా పని కాదు. దరఖాస్తు ఫారం నుంచి తాత్కాలిక పట్టికకు, అక్కడి నుంచి అసలు పట్టికకు, అక్కడి నుంచి మరొక శాఖకు పంపే ఫైలుకు, చివరికి కార్డు అచ్చువేసే యంత్రానికి పేరు ప్రయాణం చేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మధ్యదారిలో పేరును తాత్కాలికంగా ఉంచే చలరాశి చిన్నదైతే ఏ ఎర్రరూ రాకుండానే పేరు తెగిపోతుంది. దారి పొడుగునా అన్నిటికంటే ఇరుకైన గడి ఏదో అదే మనిషి పేరును నిర్ణయిస్తుంది. ఆ దారిని మొదటి నుంచి చివరి దాకా నడిచి చూసే బాధ్యత శాఖలది.

తెలుగుకు మూడింతలు

ఇందులో తెలుగువారందరికీ సంబంధించిన మాట ఒకటున్నది. యంత్రం అక్షరాలను బైట్లలో దాచుకుంటుంది. నేడు అంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగులో హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు దేనికది మూడేసి బైట్లు కావాలి. "షేక్ అబ్దుల్ రహ్మాన్" అన్న పేరును ఇంగ్లీషులో రాస్తే మధ్య ఖాళీలతో కలిపి 18 బైట్లు. తెలుగులో రాస్తే 56 బైట్లు. ఒరాకిల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే కాలమ్ పరిమితిని బైట్లలోనే లెక్కిస్తారు. గడి ముప్పై బైట్లదైతే ఇంగ్లీషు పేరు హాయిగా కూర్చుంటుంది. అదే పేరు తెలుగులో "షేక్ అబ్దు" దగ్గర ఆగిపోతుంది. "ముప్పై అక్షరాలు పట్టే గడి ఇచ్చాము కదా" అని అధికారి అంటారు. ఆ ముప్పై ఎవరి అక్షరాలు? తెలుగు రాష్ట్రాలలో తెలుగు పేరు పట్టని గడిని ఆమోదించిన సంతకం ఎవరిది?

"అందరికీ ఇంతేగా" అన్నవారికి

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు మాకు తెలుసు. "ఇందులో మతాన్ని ఎందుకు తెస్తారు? గడికి హిందువు, ముస్లిం అన్న భేదం లేదు. వెంకట సత్యనారాయణమూర్తి పేరు కూడా తెగుతుంది." నిజమే, తెగుతుంది. ఆ సత్యనారాయణమూర్తి గారి తరఫున కూడా మేము మాట్లాడుతున్నాము. ఎవరో కూర్చొని ముస్లింల పేర్లు కోయాలని కుట్ర పన్నారని మేము అనటం లేదు. అందరికీ ఒకే గడి ఇచ్చినంత మాత్రాన అందరికీ ఒకే న్యాయం జరిగినట్లు కాదు. ఆ కోత మన మీద ఎందుకు ఎక్కువ బరువుగా పడుతున్నదో నాలుగు కారణాలు చెబుతాము.

మొదటిది, మన పేర్ల నిర్మాణం. "అబ్దుల్" అన్నది పూర్తి పేరు కాదు. "దాసుడు" అన్నంత వరకే దాని అర్థం. ఎవరి దాసుడో తర్వాతి మాట చెబుతుంది. "అబ్దుల్ రహ్మాన్" అంటే కరుణామయుని దాసుడు. కుడివైపు కోస్తే యజమాని లేని దాసుడు మిగులుతాడు. ఎడమవైపు కోస్తే మరింత ఘోరం, దైవనామాన్ని మనిషికి తగిలించినట్లవుతుంది. అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అన్న పేర్లు అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనవని హదీసు బోధిస్తున్నది. ఆ బోధను మనసులో ఉంచుకొని, ఏడవ రోజున అఖీఖా చేసి, పెద్దలందరి మధ్య బిడ్డకు పెట్టుకున్న పేరు అది. దానిని ఎక్కడ విరవవచ్చో ఇరవై అక్షరాల గడికి ఏమి తెలుసు?

రెండవది, ముందుభాగాల పోలిక. ఆంధ్ర ప్రాంతంలో "షేక్", "సయ్యద్" ముందు వస్తాయి. హైదరాబాదు, తెలంగాణ జిల్లాలలో "మొహమ్మద్" ముందు వస్తుంది. మనిషిని మనిషి నుంచి వేరుచేసే మాట చివర ఉంటుంది. కోత పడేది చివరనే. "మొహమ్మద్ అబ్దుల్" దగ్గర తెగితే రహీం, కరీం, సత్తార్, గఫ్ఫార్ నలుగురూ ఒక్కరే అయిపోతారు. ఆ తర్వాత నకిలీలను ఏరివేసే సాఫ్ట్‌వేర్ వచ్చి, "ఒకే పేరు నాలుగుసార్లు ఉన్నది" అని మూడింటిని అనుమానిస్తుంది. కోసింది వారే, పోలిక చూసి దొంగ అన్నదీ వారే.

మూడవది, రిజర్వేషన్. 2007 నాటి చట్టం ప్రకారం బీసీ-ఇ వర్గంలో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ జాబితాలో షేక్‌లు ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ మొదలైన వర్గాలను మినహాయించారు. అంటే మన పేరులోని ఆ ఒక్క ముక్కకు ఫీజు, సీటు, ఉద్యోగంతో ముడి ఉన్నది. ఒక పత్రంలో "షేక్" ముందు, మరొక దానిలో "ఎస్.కె.", ఇంకొక దానిలో చివరికి జరిగి కోతపడి "ష" అని ఉంటే, పరిశీలించే అధికారికి సందేహం రావడం, సందేహం వచ్చిన దరఖాస్తు పక్కకు పోవడం మేము బల్లకు ఆ వైపు కూర్చొని చూసిన విషయమే.

నాలుగవది, అన్నిటికంటే బరువైనది. మిగిలినవారి పేరులో తేడా వస్తే అది అచ్చుతప్పు. మన పేరులో తేడా వస్తే అది పౌరసత్వం దాకా పోయే ప్రశ్న. అస్సాంలో ఒక వ్యక్తిని 2012లో ట్రిబ్యునల్ విదేశీయుడని ప్రకటించింది. పత్రాలలో పేర్ల స్పెల్లింగులలో, తేదీలలో తేడాలు ఆయనకు వ్యతిరేకంగా నిలిచాయి. 2024 జూలై 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి ఆయన భారతీయుడేనని తేల్చింది. వేర్వేరు పత్రాలలో పేర్ల స్పెల్లింగు కొద్దిగా మారడం ఈ దేశంలో మామూలేనని, దానిని పట్టుకొని ఒక మనిషి జీవితాన్ని తలకిందులు చేయరాదన్న భావం ఆ తీర్పులో స్పష్టంగా ఉన్నది. కాని తీర్పు వచ్చేనాటికి ఆయన బ్రతికి లేరు. తన దేశం తనదేనన్న మాట వినకుండానే కన్నుమూశారు. "చిన్న అక్షరం తేడాయే కదా" అని మాతో అనేవారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవాలి.

ఓటు విషయమూ ఇంతే. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలనాడు కార్డు చేతపట్టుకొని వెళ్ళిన ఎందరో ఓటర్లకు జాబితాలో తమ పేరు కనిపించలేదు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ కోరారు. క్షమాపణ వచ్చింది, ఆ రోజు పోయిన ఓటు తిరిగి రాలేదు. 2025లో బీహారు ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోయినప్పుడు, ఆ పేర్లను కారణాలతో సహా ప్రచురించవలసిందిగా ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ తొలగింపులన్నిటికీ చిన్న గడులే కారణమని మేము అనటం లేదు. మేము పట్టుకుంటున్నది ఆ ఆదేశంలోని సూత్రాన్ని. పేరు పోయినవాడికి తన పేరు పోయిందని తెలియాలి, ఎందుకు పోయిందో తెలియాలి. ఓటరు జాబితాకు వర్తించిన ఈ న్యాయం ఉపకార వేతనానికి, పింఛనుకు ఎందుకు వర్తించదు?

సరైనదాన్ని తప్పుకు తగినట్లు దిద్దాలట

కార్యాలయాలలో ఇచ్చే సలహాలు వింటే రక్తం మరుగుతుంది. "బ్యాంకులో ఎట్లా ఉన్నదో ఆధార్‌లో అట్లాగే మార్పించుకోండి." అంటే పూర్తి పేరు ఉన్న పత్రాన్ని కోతపడిన పత్రానికి తగినట్లు కోసుకోవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా జీవితంలో రెండుసార్లే. అందులో ఒకటి ఇట్లా వృథా అవుతుంది. రేపు ఆ అమ్మాయి పదవ తరగతి పత్రంతో ఉద్యోగానికి పోయినప్పుడు ఆధార్ సరిపోలదు. పాన్ దరఖాస్తు దగ్గరకు వెళితే అక్కడ పొడి అక్షరాలు కుదరవు, పేరు పూర్తిగా రాయమంటారు. ఒక శాఖ కోయమంటుంది, ఇంకొక శాఖ కోయవద్దంటుంది. రెండింటి మధ్య తిరిగేది మనిషి. అఫిడవిట్టు ఖర్చు మనిషిది, నోటరీ ఖర్చు మనిషిది, పోయిన కూలి మనిషిది. గడిని చిన్నగా కట్టినవారికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇంకొందరి సలహా మరీ విచిత్రం. "ఇంత పొడవు పేర్లు ఎందుకు పెట్టుకుంటారు, చిన్న పేర్లు పెట్టుకోవచ్చు కదా?" కాలికి తగిన చెప్పు కుట్టడం చేతకానివాడు కాలి వేళ్ళు తీసివేయమన్నట్లున్నది ఇది.

పొడవైన పేర్లతో గౌరవంగా వ్యవహరించడం అసాధ్యమేమీ కాదు. పాస్‌పోర్టు కింది భాగంలో యంత్రం చదివే రెండు వరుసలున్నాయి. ఒక్కొక్క వరుసకు 44 స్థానాలు. పేరుకు దక్కేవి 39. ప్రపంచంలోని అన్ని దేశాల పేర్లూ అందులో పట్టవని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు తెలుసు. అందుకని పట్టని పేరును ఎక్కడ, ఏ క్రమంలో కుదించాలో నియమాలు రాసి అందరికీ కనిపించేటట్లు ప్రచురించింది. పై భాగంలోని ముద్రిత పేరు వేరు, యంత్రం కోసం కుదించిన పేరు వేరు అని గుర్తించింది. కుదింపు తప్పనిసరి అయిన చోట కూడా నియమం ఉండవచ్చు, అది బహిరంగంగా ఉండవచ్చు, దాని భారం ప్రయాణికుడి మీద పడకుండా ఉండవచ్చు. మన దేశంలోనూ 2009లోనే ఎన్. విఠల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం పేరు, చిరునామా మొదలైన వివరాలకు ఉమ్మడి ప్రమాణాలను ఆధార్ సంస్థకు సూచించింది. ప్రమాణాలు లేక కాదు ఈ దుస్థితి. వాటిని పాటించని శాఖను అడిగేవారు లేక.

మేము కోరుతున్నవి

ఒకటి. ప్రతి ప్రభుత్వ పథకపు డేటాబేస్‌లో పేరు, తండ్రి పేరు, చిరునామా గడుల పరిమితి ఎంతో, అది అక్షరాలలోనా బైట్లలోనా అన్నది బహిరంగంగా ప్రకటించాలి.

రెండు. పేరు పట్టనప్పుడు నమోదు ఆగాలి. చప్పుడు లేని కోతను ఏ శాఖలోనూ అనుమతించరాదు.

మూడు. ఇప్పటికే కోతపడిన పేర్లను శాఖలే వెతికి పట్టుకోవాలి. దీనికి సర్వే అక్కరలేదు. గడి పరిమితి ఇరవై అయితే, సరిగ్గా ఇరవై అక్షరాలున్న పేర్లన్నిటినీ బయటికి తీయమని ఒక ప్రశ్న వేస్తే చాలు. వాటిలో ఎక్కువ భాగం కోతపడినవే అయి ఉంటాయి. అసలు దరఖాస్తులతో సరిచూసి వారే దిద్దాలి. పౌరుడు తిరగరాదు.

నాలుగు. ఒక పత్రంలోని పేరు మరొక పత్రంలోని పేరుకు మొదటి భాగంగా అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నప్పుడు, దానిని యంత్రం తిరస్కరించరాదు. మనిషి పరిశీలనకు పంపాలి. ఆ పరిశీలనకు గడువు ఉండాలి.

ఐదు. తిరస్కరించినప్పుడు ఏ పత్రంతో, ఎక్కడ తేడా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి. ఇది మేము అడిగే దయ కాదు. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(డి) పాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలియజేయమంటున్నది.

ఆరు. యంత్రం చేసిన కోతను దిద్దడానికి రుసుము, అఫిడవిట్టు అడగరాదు. కోత వల్ల గడువు దాటిపోయిన విద్యార్థికి ఆ సంవత్సరపు సొమ్ము చెల్లించాలి.

మన ఇళ్ళలో మొదలుపెట్టవలసినవి

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మనల్ని మనం కూడా అడుగుకోవాలి. మొహమ్మద్ అన్న పవిత్ర నామాన్ని "ఎండీ" అని, షేక్‌ను "ఎస్.కె." అని పలుకుతూ, రాస్తూ వచ్చింది మనమే. ఎస్.కె. అంటే రెండు ఇంటిపేర్ల పొడి అక్షరాలనుకునే గుమాస్తాలను మేము చూశాము. ఒక పత్రంలో పొట్టి, మరొక పత్రంలో పొడుగు రాయించుకునే అలవాటు యంత్రాల కాలంలో ప్రాణాంతకం.

బిడ్డ పుట్టిన నాడే జాగ్రత్త మొదలు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరిక మొదలుకొని అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు లేకుండా జననం నమోదైతే 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత రుసుముతో 15 సంవత్సరాల దాకా పేరు చేర్పించుకోవచ్చు. ఆ పేరును ఇంగ్లీషులో ఏ స్పెల్లింగుతో రాయాలో ఇంట్లో అందరూ కూర్చొని ఒకసారి నిర్ణయించండి. గోడ మీదనైనా రాసి పెట్టుకోండి. అన్నదమ్ముల పిల్లలకు, అక్కచెల్లెళ్ళ పిల్లలకు తాత పేరు ఒకే విధంగా ఉండాలి.

పదవ తరగతి నామినల్ రోల్సు పంపే ముందు బడికి వెళ్ళి పేరు చూసుకోండి. ఆ పత్రమే జీవితాంతం వెంట వస్తుంది. బ్యాంకులో, మీసేవలో, సచివాలయంలో వివరాలు ఎక్కించగానే తెర చూపించమని అడగండి. రసీదులోని పేరును చివరి అక్షరం దాకా వేలు పెట్టి చదవండి. తెగిపోతే అక్కడే, ఆ నిమిషమే అభ్యంతరం చెప్పండి. "తర్వాత సరిచేద్దాం" అన్న మాటను మాత్రం నమ్మకండి, మేము ఆ మాటను చాలామందికి చెప్పి ఉన్నాము.

సరైన పత్రాన్ని తప్పు పత్రానికి తగినట్లు ఎన్నడూ మార్చుకోకండి. తప్పు పత్రాన్నే దిద్దించండి. దిద్దకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు చాలును: మీ డేటాబేస్‌లో పేరు గడి పరిమితి ఎంత? నా దరఖాస్తు ఫారంలో నేను రాసిన పేరు ఏమిటి? మీ వద్ద నమోదైన పేరు ఏమిటి? ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా తప్పుడు వివరాలను దిద్దించుకునే, అసంపూర్ణమైనవాటిని పూర్తిచేయించుకునే హక్కును సెక్షన్ 12లో పేర్కొన్నది. ఆ హక్కు పూర్తిగా అమలులోకి వచ్చేదాకా వేచి చూడకుండా ఇప్పటి నుంచే కాగితాలు సిద్ధం చేసుకుందాము.

ప్రతి మసీదు కమిటీ నెలకు ఒక జుమా తర్వాత రెండు గంటలు బల్ల వేయాలి. చదువుకున్న పిల్లలు ఇద్దరు, రిటైరైన గుమాస్తా ఒకరు, ఒక స్కేలు, ఒక పెన్సిలు ఉంటే చాలు. వచ్చినవారి పత్రాలను పక్కపక్కన పరిచి అక్షరాలు లెక్కపెట్టి, తేడాలను ఒక పుస్తకంలో రాయాలి. నూరు తేడాలు ఒక పుస్తకంలో చేరితే అది ఆ శాఖ జిల్లా అధికారి ముందు పెట్టగల సాక్ష్యం. ఒక్కొక్కరుగా పోతే "మీ ఒక్కరిదే సమస్య" అంటారు. పుస్తకం పట్టుకుపోతే ఆ మాట అనలేరు. మన పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ సోదరుల పేర్లూ ఆ పుస్తకంలోకి ఎక్కాలి. కోతకు గురైన ప్రతి పేరూ మనదే.

మొదట చెప్పిన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. ఐదు వారాలు తిరిగి, రెండు అర్జీలు పెట్టిన తర్వాత బ్యాంకులో ఆ మూడు అక్షరాలు చేరాయి. అప్పటికి దరఖాస్తు గడువు దాటిపోయింది. తండ్రి ఆటో కాగితాలు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. కొత్త పాసుబుక్కు చూపించడానికి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరును చివరి దాకా చదివి, "ఇప్పుడు పూర్తిగా ఉన్నది, చాచా" అన్నది. ఆ సంవత్సరం ఆమెకు రావలసిన సొమ్ము మాత్రం ఇంకా రాలేదు. దాని కోసం పెట్టిన అప్పీలు నకలు మా బల్ల మీద ఉన్నది. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాము, ఇన్షా అల్లాహ్.